పెంచిన చేతులకు తోడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ సభలో నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినపుడు, ముప్పది యేండ్లు తెలుగు పాఠములు చెప్పినదానను గావున ఏ కవిని గూర్చియో, ఏ కావ్యమును గూర్చియో మాట్లాడుదునని వారు తలచియుందురు. నేను నా యింటి సంగతి చెప్పుదునంటిని. వారొక క్షణము ఆలోచించి, "చెప్పండి టీచరమ్మా, అది కూడా ఈ గదిలోనే గదా మొదలైంది" అనిరి.

2000వ సంవత్సరమున రెండు బీరువాలతో మొదలైన యీ గ్రంథాలయమునకు నేటికి ఇరువదియైదేండ్లు నిండినవి. ఇందలి వెనుక గదిలో, పాత వారపత్రికల కట్టల నడుమ, గత యేడాది కార్తీకము నుండి నెలకొక పర్యాయము, రెండవ ఆదివారము మధ్యాహ్నము మూడు గంటలకు, కొందఱము కూర్చుండుచున్నాము. మేము చదువుటకు వచ్చినవారము కాము. ఇతరుల బిడ్డలను పెంచినవారము. ఆ గదిలో వీరేమి మాట్లాడుకొందురని మీలో చాలమంది అడిగియున్నారు. చీటీపాట యనుకొన్నవారును గలరు. నేటి నా ప్రసంగము వారికి సమాధానము.

మొదట ఒక మాట స్పష్టము చేయవలెను. దత్తత వేఱు, మేము చేసినది వేఱు. దత్తత వచ్చిన బిడ్డ ఆ యింటి బిడ్డయే. ఇంటిపేరు, ఆస్తిహక్కు అన్నియు సంక్రమించును. పోషక కుటుంబ సంరక్షణ అట్టిది కాదు. దీనిని కాగితములలో ఫాస్టర్ కేర్ అని వ్రాయుదురు. తల్లిదండ్రులు లేని బిడ్డను, లేక వారుండియు పెంచలేని స్థితిలోనున్న బిడ్డను, జిల్లా బాలల సంక్షేమ సమితివారు ఒక కుటుంబమునకు కొంతకాలము అప్పగింతురు. 2015 నాటి బాలల న్యాయ చట్టమున దీనికి చోటు గలదు. ఆ చట్టము 2016 జనవరి 15 నుండి అమలులోనికి వచ్చినది. అప్పగించునపుడు ఉత్తరువు ఇత్తురు. నడుమ నడుమ వచ్చి చూతురు. బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండిననాడు ఆ ఉత్తరువునకు కాలము చెల్లును. ఏ ఉత్తరువు లేకయే కూతురి బిడ్డలను పెంచు అమ్మమ్మలు, అక్క బిడ్డలను పెంచు చెల్లెండ్రు మన యూళ్ళలో ఎందఱో గలరు. మా కూటమునందు వారే యెక్కువ. కాగితమున్నను లేకున్నను పదునెనిమిదవ యేట ఎదురగు చిక్కు మాత్రము ఒక్కటే.

నేను ఏ బిడ్డ పేరును చెప్పను. సంరక్షణలో నున్న బాలల గుర్తింపు బయటపెట్టరాదని ఆ చట్టమే శాసించుచున్నది. వారు పెద్దవారైనంత మాత్రమున వారి గతము రచ్చబండ సొత్తు కాజాలదు. మా వాని సంగతులు చెప్పుటకు వాని అనుమతి గైకొంటిని. కొన్ని చెప్పవచ్చుననెను, ఒకటి వద్దనెను. ఆ యొకటి చెప్పను.

2016 ఆగస్టులో, ముసురు పట్టిన ఒక సాయంకాలము వాడు మా యింటికి వచ్చెను. పదేండ్లవాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. అందులో రెండు జతల బట్టలు, మూత విరిగిన జామెట్రీ పెట్టె. ఊరంతయు నన్ను టీచరమ్మా యని పిలుచును గనుక వాడును అట్లే పిలిచెను. ఎనిమిదేండ్లు అదే పిలుపు. మార్చుకొమ్మని నేను అడుగలేదు. అడుగవలెనని అనిపించలేదని చెప్పజాలను. మొదటి యేడాది వాడు తిండి దాచుకొనెడివాడు. పరుపు క్రింద ఎండిన చపాతీలు, పుస్తకముల సంచిలో ఉప్మా పొట్లము కనబడెడివి. నేనైతే మందలించియుందును. అప్పటికి మావారు జీవించియున్నారు. వారు వంటింటి గూటిలో ఒక స్టీలు డబ్బా పెట్టి, "ఇది నీది. ఎప్పుడు తీసినా ఖాళీగా ఉండదు" అని చెప్పి, రాత్రి భోజనములైన పిదప తామే దానిని జంతికలతోనో అటుకులతోనో నింపెడివారు. 2021లో కోవిడ్ రెండవ తాకిడిలో వారు పోయిరి. అటుపిమ్మట ఆ డబ్బాను పిల్లవాడు నింపుచుండెను. నేను చూచుచునే యుంటిని. ఇరువురమును ఆ సంగతి ఎత్తుకొనలేదు.

2024 జూనులో వానికి పదునెనిమిది నిండెను. పనులన్నియు పద్ధతిగా జరుగవలెనను పట్టుదల నాకొక జబ్బు వంటిది. ఒక నీలపు ఫైలు కొని, అందులో జనన ధ్రువపత్రము, కుల ధ్రువపత్రము, పదవ తరగతి మార్కుల జాబితా, ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకము, సమితివారి ఉత్తరువుల నకళ్ళు వరుసగా అమర్చి, మొదటి పుటలో అంకెలు వేసి విషయసూచిక వ్రాసితిని. పాయసము పెట్టిన తరువాత ఆ ఫైలు వాని చేతికిచ్చి, "ఇక నువ్వు పెద్దవాడివి. నీ కాగితాలు నీ దగ్గరే ఉండాలి" అంటిని. నా మనస్సులో అది వానికి చేసిన గౌరవము. వాడు ఫైలును చూచెను, నన్ను చూచెను. "సరే టీచరమ్మా" అనెను. పదునొకండవ నాడు తెల్లవారుసరికి మంచము ఖాళీగా నుండెను. ఫైలు లేదు. వంటింటి గూటిలో డబ్బా మాత్రము నిండుగా నున్నది.

మీలో "అబ్బాయి ఏడీ" యని అడిగినవారికి విజయవాడలో డిగ్రీలో చేరినాడని చెప్పితిని. అబద్ధము. రెండు నెలలు ఆ అబద్ధమును సాకితిని. దానికి హాస్టలు కల్పించితిని, మెస్సు బిల్లు కల్పించితిని, హాస్టలు సాంబారు బాగుండదని కూడ చెప్పితిని. విన్నవారు నన్ను క్షమింపుడు. ఇట్లేల చేసితినని తరువాత చాల విచారించితిని. కన్నబిడ్డ యిల్లు విడిచిపోయిన తల్లికి ఊరు ధైర్యము చెప్పును. పెంచిన తల్లికి "ముందే చెప్పాం కదా, పరాయి బిడ్డ పరాయి బిడ్డే" అని చెప్పును. ఆ మాట వినుటకంటె అబద్ధమాడుట సులభమని తోచెను. ఇంతకు పూర్వమే మా బంధువులలో ఒకరు, "ఇల్లు వాడి పేర రాసేస్తావా ఏమిటి?" అని అడిగియుండిరి. చట్టప్రకారము పోషక కుటుంబమున పెరిగిన బిడ్డకు ఆ యింటి ఆస్తిలో హక్కు రాదు. ఆ సంగతి వారికిని తెలియును. అయినను అడిగిరి.

భాద్రపదమాసమున ఒక సాయంకాలము నేనిక్కడ వార్తాపత్రిక చూచుచుండగా, పాలకేంద్రము నడుపు సోదరి ఒక నవల తిరిగి యిచ్చుటకు వచ్చినది. ఆమె చనిపోయిన తన యక్క కూతురిని ఆరవ యేట నుండి పెంచినది. "మీవాడు డిగ్రీలో ఏ గ్రూపక్కా?" అని యథాలాపముగా అడిగెను. రెండు నెలలుగా సాంబారు రుచి వఱకు కల్పించిన నాకు గ్రూపు పేరు నోట రాలేదు. ఆమె నా ముఖము కొంతసేపు చూచి, నెమ్మదిగా, "మా పిల్ల పోయినేడు నాలుగు నెలలు ఇంట్లో లేదక్కా. నెల్లూరులో నర్సింగు చదువుతోందని చెప్పాను నేను" అనెను. మొదట ఇరువురము నవ్వితిమి. ఆ నవ్వు ఎప్పుడు ఏడ్పుగా మారినదో చెప్పలేను. మన గ్రంథపాలకుడు మర్యాద తెలిసినవాడు. చీకటి పడుచున్నను దీపము వేయక, తాళముచెవి పట్టుకొని అరుగుమీద కూర్చుండెను.

ఆమె యింకొక మాట చెప్పెను. పిల్ల తిరిగి వచ్చిన చాలనాళ్ళకు ఆమెతో అన్నదట: "పద్దెనిమిది నిండాక వెళ్ళమంటారని నాకు తెలుసు పిన్నీ. మీరు అనేలోపు నేనే వెళ్ళాను." ఈ వాక్యము విన్నంతనే నా నీలపు ఫైలు నా కన్నులయెదుట నిలిచెను. నేను గౌరవమని యిచ్చినది వానికి పొమ్మనుటగా తోచియుండును. చిన్ననాట ఒకచోటి నుండి మఱియొకచోటికి కాగితములతో పాటు పంపబడిన బిడ్డకు, కాగితములన్నియు చేతికిచ్చుట యనగా అర్థమేమి? ఇది ఏ పుస్తకములోను నాకు కనబడలేదు, మా యింటికి వచ్చిన ఏ ఉద్యోగియు చెప్పలేదు. వారిని తప్పు పట్టను. వారు అట్టి బిడ్డతో ఒక యింట ఎనిమిదేండ్లు ఉన్నవారు కారు. ఆ సోదరి యున్నది.

ఆమెయే నాకు ఉపాయము చెప్పెను. అప్పటివఱకు నేను ఫోనులో వానికి పంపిన సందేశములన్నియు ప్రశ్నలే. ఎందుకు వెళ్ళావు, ఎప్పుడొస్తావు, ఎక్కడున్నావు? "ప్రశ్నలొద్దక్కా. అన్నం తిన్నావా అని కూడా అడగొద్దు. ఇంట్లో ఏం జరిగిందో రాయండి, చాలు" అనెను. నేనట్లే వ్రాసితిని. జామచెట్టు కాసినదని, పెరటి గోడ కొంత కూలినదని, నేడు గోంగూర పచ్చడి చేసితినని. పందొమ్మిదవ నాడు జవాబు వచ్చెను: "పచ్చట్లో ఉల్లిపాయ వేశారా?"

ఆ కార్తీకమున మా కూటము మొదలైనది. మొదట నలుగురము, ఇప్పుడు తొమ్మండ్రము. నేత మగ్గము మీద జీవితము గడపిన ఒక మామ్మ గలదు. ఆటో నడుపు తమ్ముడును అతని భార్యయు గలరు. ప్రక్క యూరి నుండి రెండు బస్సులు మారి వచ్చు దంపతులు గలరు. గ్రంథపాలకుని యింటి నుండి ఫ్లాస్కులో టీ వచ్చును. ఇంతే మా సంస్థ. దీనికి పేరు లేదు, రసీదు పుస్తకము లేదు.

అంతయు సవ్యముగా సాగినదని మీరు తలపవలదు. రెండవ కూటమున ఆటో తమ్ముడు ఒక సంగతి చెప్పెను. వారు పెంచిన అమ్మాయి తన కన్నతల్లిని వెదకుదునన్నదట. అతడు ముగించెనో లేదో, అందఱము సలహాలకు దిగితిమి. వెళ్ళనీయవలదని యొకరు, వెళ్ళనీయవలెనని యొకరు. అందఱికంటె ఎక్కువసేపు మాట్లాడినది నేను. అలవాటైన నోరు గదా, అరగంట పాఠము చెప్పితిని. అతడు వినయముగా తలయూపి పోయెను. తరువాత రెండు నెలలు రాలేదు. పాలకేంద్రము సోదరి నన్ను నిలదీసి, "ఆయన సలహా కోసం రాలేదక్కా, భయమేసి వచ్చాడు" అనెను. నాకు సిగ్గువేసెను. నేనే వారి యింటికి పోయి పిలుచుకొని వచ్చితిని. ఆనాటి నుండి ఎవరైన మాట్లాడుట ముగించిన తరువాత మొదట అడుగునది ఒక్కటే: "మీకిప్పుడు మా మాట కావాలా, ఊరికే వింటే చాలా?" చాలమంది వింటే చాలుననిరి.

ఆ తమ్ముడు మరల వచ్చిననాడు, ఎంతో సేపటికి, "ఆవిడ దొరికితే మేమేమైపోతాం?" అనెను. అందఱము ఊరకుంటిమి. నేతపని మామ్మ మాత్రము, "నా మనవడు వాళ్ళ నాన్నని ఎతుక్కుంటా పోయాడు నాయనా. చూసొచ్చాడు. వచ్చి నా మంచం పక్కనే చాప ఏసుకుని పడుకున్నాడు. ఏం జరిగిందో చెప్పలేదు, నేనడగలేదు" అని చెప్పి మరల టీ త్రాగుటలో మునిగెను. మఱుసటి వారము ఆ తమ్ముడు తన ఆటోను ఇంట నిలిపి, అమ్మాయితో కూడ బస్సెక్కెను. అటుపై ఏమి జరిగినదో నేను చెప్పరాదు. అది ఆ అమ్మాయి కథ. మా కూటమున మేము పాటించు నియమములలో ఇది ముఖ్యమైనది. పెంచినవారు తమ భయమును, తమ కోపమును, తమ అలసటను చెప్పుకొనవచ్చును. బిడ్డ చెప్పిన రహస్యమును చెప్పరాదు. ఈ గీత గీయుట చెప్పినంత సులభము కాదు. తప్పినపుడు ఒకరినొకరు ఆపుకొందుము.

మనస్సు సంగతులేకాక, కాగితముల సంగతులును అక్కడనే తేలుచున్నవి. మైనరు పేర తెఱచిన బ్యాంకు ఖాతా పదునెనిమిది నిండగనే అదే విధముగా నడువదు. క్రొత్త సంతకము, క్రొత్తగా గుర్తింపు పత్రములు ఇయ్యవలెను. ఆధార్‌లో వ్రేలిముద్రలు, కంటిపాప గుర్తులు అయిదవ యేట ఒకమారు, పదునైదవ యేట ఒకమారు తిరిగి యిచ్చి నవీకరింపవలెను. ఇది తెలియక ఒక పిల్లవాని దరఖాస్తు ఆగిపోయినది. ఓటరు జాబితాలో పేరు చేర్చుకొనవలెను. తండ్రి పేరు అను గడిలో ఏమి వ్రాయవలెనో తెలియక ఒక కార్యాలయము చుట్టు నేను నాలుగు మారులు తిరిగితిని. నాలుగు మారులును నలుగురు నాలుగు విధముల చెప్పిరి. నేను తిరిగిన త్రోవ వెనుకవచ్చువారు తిరుగనక్కఱలేదు గదా. ఈ వివరములన్నియు ఒక నోటుపుస్తకమున వ్రాసి వెనుక గదిలో ఉంచితిమి. కావలసినవారు చూచుకొనవచ్చును.

ఇక చట్టము సంగతి. పదునెనిమిది దాటినవారికి అనంతర సంరక్షణ అనునది చట్టమునందు గలదు. ఇరువదియొకటవ యేటి వఱకు, ప్రత్యేక పరిస్థితులలో ఇరువదిమూడవ యేటి వఱకు ఆర్థికముగను, ఇతరముగను తోడ్పడవచ్చును. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకములు నెలకు 4000 రూపాయలని నిర్ణయించినవి. అయితే చట్టమున అనంతర సంరక్షణను నిర్వచించు వాక్యము సంస్థలలో పెరిగి బయటకు వచ్చువారిని ఉద్దేశించి వ్రాయబడినది. కుటుంబమున పెరిగినవాడు ఆ వాక్యములో పేరెత్తి చెప్పబడలేదు. వానికి ఇల్లున్నది గదా యని తలచిరేమో. ఇల్లున్నమాట నిజమే. కాని ఆ యింటిలో విశ్రాంతి వేతనముతో బ్రతుకు ఒక వృద్ధురాలో, మగ్గము నేయలేని మామ్మయో ఉండును. 2024లో సవరించిన మార్గదర్శకములు ఒంటరివారును పోషక సంరక్షణకు పూనుకొనవచ్చునని చెప్పినవి, సంతోషమే. పెంచుటకు వచ్చువారు పెరిగినచో, పదునెనిమిదవ యేట చిక్కుపడువారును పెరుగుదురు. అది గూడ ఎవరో ఒకరు ఆలోచింపవలెను.

మామ్మ సంగతి యింకను క్లిష్టమైనది. ఆమె యిద్దఱు మనుమలకు తల్లియు తండ్రియు కోవిడ్‌లో పోయిరి. అట్టి బిడ్డలకై 2021లో కేంద్ర ప్రభుత్వము పి.ఎం. కేర్స్ నిధి నుండి ఒక పథకము ప్రకటించినది. పదునెనిమిది నుండి నెలనెల భత్యము, ఇరువదిమూడు నిండిననాడు 10 లక్షల రూపాయలు. ఎంతో మేలు. కాని ఆ పదిలక్షల సంగతి తెలిసిన నాటినుండి ఆ యింటికి బంధువుల రాకపోకలు పెరిగినవి. పెద్దవానికి ఇప్పుడే పిల్లనిత్తుమని ఒకరు, మనుమలతో కలసి వ్యాపారము పెట్టుదుమని యొకరు. మామ్మకు చదువు రాదు. "వాడికి ఇరవైమూడొచ్చేదాకా నేనుండొద్దూ?" అని ఆమె అడిగిననాడు మాకెవ్వరికిని బదులు తోచలేదు. ఇప్పుడు పెద్ద మనుమడు ఆదివారములందు మామ్మతోపాటు వచ్చి, ఇంటి ఖర్చుల లెక్క మా యెదుట తానే వ్రాయుచున్నాడు. మేము సరిచూతుము. డబ్బు వచ్చిననాడు ఏమగునో చూడవలసియున్నది.

మేమేదో క్రొత్తది కనిపెట్టితిమను భ్రమ నాకు లేదు. గ్రంథపాలకుడు వెదకి చూపిన సంగతి యొకటి చెప్పెదను. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున 2004లో ఒక పద్ధతి మొదలైనది. దానిని మాకింగ్‌బర్డ్ పద్ధతి యందురు. అనుభవము గల పెంపకపు తల్లి యిల్లు ఒకటి నడుమ నుండును. దాని చుట్టును ఆరు నుండి పది వఱకు పోషక కుటుంబములుండును. నెలకొకసారి అందఱును కలియుదురు. ఒకరు అలసినపుడు వారి బిడ్డ ఒకటి రెండు రాత్రులు ఆ నడిమి యింట నిద్రించును. ఇంగ్లండులోను ఈ పద్ధతి వ్యాపించినది. అచ్చట 2014లో చేసిన చట్టమొకటి, పదునెనిమిది నిండిన తరువాతను, ఇరుపక్షములకు ఇష్టమైనచో, ఇరువదియొకటవ యేటి వఱకు యువకుడు పెంచినవారి యింటనే యుండుటకు వీలు కల్పించినది. అక్కడ నడిమి యింటివారికి డబ్బిత్తురు, వెనుక ఉద్యోగులుందురు. మాకు ఫ్లాస్కు మాత్రమే యున్నది. అయినను ఒకరి అలసట ఒకరు పంచుకొనుటలో వారికిని మాకును భేదమేమియు నాకు కనబడలేదు. పాలకేంద్రము సోదరికి జ్వరము వచ్చినపుడు ఆమె పిల్ల మా యింట నాలుగు రాత్రులుండెను. మాకింగ్‌బర్డ్ పేరు వినకమునుపే అది జరిగినది.

మా శక్తికి మించినవి కలవు. ఒక రాత్రి రెండు గంటలకు మాలో ఒకరి నుండి ఫోను వచ్చెను. ఇంటిలోని యువకుడు తలుపు వేసికొని చచ్చిపోదునని అనుచున్నాడు. మేము మువ్వురము పరుగెత్తితిమి. పక్కన ఎవరో ఉండుట వలన పెంచిన తల్లి చేతుల వణకు తగ్గినది. కాని ఆ బిడ్డకు కావలసినది వైద్యుడు. తెల్లవారి ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. ఇప్పుడు మా గది గోడమీద రెండు అంకెలు పెద్ద అక్షరములతో వ్రాసియున్నవి: మనోవేదనలో సహాయమునకు టెలి మానస్ 14416, పదునెనిమిది లోపు బిడ్డలకు 1098. వచ్చిన ప్రతివారికిని ముందుగ అవి చూపుదుము.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పిన అయ్యంకి వెంకటరమణయ్యగారి కాలము నుండియు మన గ్రంథాలయములు పుస్తకములకే కాక మనుష్యులు కూడుటకును చోటిచ్చినవి. కార్యవర్గమువారు మా గదికి అద్దె అడుగలేదు, మా పేర్లు పుస్తకమున వ్రాయుమనలేదు. ఈ రెండవదానికే నేను ఎక్కువ కృతజ్ఞురాలను. పేరు వ్రాయవలసి వచ్చినచో సగము మంది వచ్చియుండరు. గ్రామస్థులను కోరునది ఒకటి గలదు. పెంచిన బిడ్డ యిల్లు విడిచి పోయినాడని విన్నపుడు "ముందే చెప్పాం కదా" యను మాట దయచేసి మ్రింగుడు. ఈ సభలో కూర్చున్నవారిలో, తమ పిల్లవాడు హాస్టలులో ఉన్నాడని ఊరికి చెప్పుచున్నవారు ఇంకను ఉండవచ్చును. నన్ను మించిన అబద్ధము మీరు ఆడియుండరు గనుక నిస్సంకోచముగా రండు.

మావాడు 2025 సంక్రాంతికి మూడు దినములకని వచ్చెను. ప్రస్తుతము విజయవాడలో సెల్‌ఫోనులు బాగుచేయు దుకాణమున పని నేర్చుకొనుచు, ఇద్దఱితో కలసి ఒక గదిలో నున్నాడు. డిగ్రీ లేదు, దూరవిద్యలో చేరుదునని చెప్పుచున్నాడు, చూడవలెను. నేను ఎందుకు పోయితివని అడుగలేదు. రెండవనాటి రాత్రి, ఆ ఫైలు నేనట్లు ఇచ్చియుండరాదని మాత్రము చెప్పితిని. వాడేమియు అనలేదు, లేచి వంటింటిలోనికి పోయెను, డబ్బా మూత చప్పుడు వినబడెను.

కనుమ మఱునాడు బస్సుకు పోవుచు, నీలపు ఫైలు నా చేతికిచ్చి, "ఇది బీరువాలో పెట్టండి టీచరమ్మా. మా గదిలో చెమ్మ" అనెను. వాడు పోయిన తరువాత తెఱచి చూచితిని. నేను వ్రాసిన విషయసూచికలో ఎనిమిది అంకెలున్నవి. తొమ్మిదవది వాని చేతివ్రాత: గది అద్దె రసీదు.

రానున్న కూటము రెండవ ఆదివారము మూడు గంటలకే. తాళముచెవి గ్రంథపాలకుని వద్ద నుండును. మాకు తొమ్మిది కుర్చీలున్నవి. ఇంకొక రెండు ఇప్పించెదమని కార్యదర్శిగారు ఈ ఉదయము మాట యిచ్చిరి.